నలభై ఒకటో నోట్

మా ప్రెస్సులో పేజీలు కట్టే ఆవిడను అందరం నంబర్లక్క అనేవాళ్లం. ఇరవై రెండేళ్ల కంపోజింగ్ అనుభవం. పుస్తకం చివర వచ్చే వివరణలకు, అంటే ఎండ్‌నోట్లకు, ఎవరైనా చేత్తో అంకెలు వేస్తే ఆమెకు ఒళ్లు మండేది. "నోట్‌కి ఒక గుర్తు పేరు పెట్టి, ఆ నోట్ చూడమనే చోటల్లా ఆ పేరే కొట్టి వదిలెయ్. అంకెల సంగతి సిస్టమే చూసుకుంటుంది. నువ్వు వేలు పెట్టావో, కొంప మునుగుతుంది" అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ క్లాసు పీకేది. ప్రూఫులు దిద్దే నన్నూ వదిలేది కాదు. మధ్యలో ఒక నోట్ తీసేస్తే కిందివన్నీ వాటంతటవే పైకి జరుగుతాయి. అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా మిగలదు. ఆ సదుపాయమంటే నాకిప్పుడు అసహ్యం.

మా ఊరి మిల్లులో బాయిలర్ పేలి ఏడుగురు పోయారు. వాళ్లలో బాయిలర్ నడిపేవాడు అక్క తమ్ముడే. డ్యూటీలో నిద్రపోయి మిగతా ఆరుగురినీ పొట్టన పెట్టుకున్నాడని వీధి వీధంతా తేల్చేసింది. అక్క వాళ్ల ఎదురింటావిడ కొడుకూ ఆ ఆరుగురిలో ఒకడు. అక్క దగ్గరే ఉండే వాళ్లమ్మతో ఆవిడ మాట్లాడటం మానేసి ఏడాదైంది.

విచారణ నివేదిక అచ్చుకు మా దగ్గరికే వచ్చింది. అందులో నలభై ఒకటో నోట్ తమ్ముడి ఉత్తరం. వాల్వు పట్టడం లేదు, బాగుచేసేదాకా బాయిలర్ ఆపండి అని పేలుడుకు పన్నెండు రోజుల ముందు మేనేజరుకు రాశాడు. అది టైపు చేస్తూ అక్క ఏడ్చింది. ఇంటికెళ్లి, "అమ్మా, వాడి తప్పేం లేదు. నలభై ఒకటిలో ఉంది" అని చెప్పింది. చదువురాని ఆ తల్లి అంకెను కంఠతా పట్టింది. అక్కకూ అది నోటికొచ్చేసింది. అందుకే ముగింపులో "ప్రమాద కారణానికి 41వ నోట్ చూడండి" అన్న వాక్యం వచ్చినప్పుడు, జన్మలో మొదటిసారి, గుర్తు పేరు వాడకుండా అంకెను చేత్తో కొట్టేసింది.

పేజీలన్నీ అయ్యాక విచారణ ఆఫీసు గుమాస్తా వచ్చాడు.

"నలభై ఒకటి తీసెయ్యమన్నారమ్మా."

"ఎందుకండీ? అది మా తమ్ముడి ఉత్తరం."

"నాకేం తెలుసు? పైనుంచి చెప్పారు."

మా యజమాని గొంతు తగ్గించి, "మనం అచ్చు వేసేవాళ్లమమ్మా, రాసేవాళ్లం కాదు. తీసెయ్" అన్నాడు. పక్కనే ఉన్న నేను ఇంకో ప్రూఫు అందుకున్నాను. అక్క తీసేసింది. నలభై రెండోది నలభై ఒకటైంది.

ముగింపులోని వాక్యం గుమాస్తాకు గుర్తులేదు. ఏడుపు ఆపుకుంటున్న అక్కకూ గుర్తురాలేదు. గుర్తు పేరు వాడి ఉంటే, నోట్ పోగానే అంకె ఉండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు పడేవి, ఎవరో ఒకరం పట్టుకునేవాళ్లం. నేను ప్రూఫులో నలభై ఒకటి ఉందా లేదా అని మాత్రం చూశాను. ఉంది. టిక్కు పెట్టాను. అందులో ఏముందో చదవలేదు. ఇప్పటికీ నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

ఉత్తరం తీసేసిన సంగతి అక్క ఇంట్లో చెప్పలేకపోయింది. "పుస్తకం ఎప్పుడొస్తుందే అని అమ్మ రోజూ అడుగుతోంది. ఏ నోటితో చెప్పను?" అంది నాతో.

విచారణ ఆఫీసు చనిపోయినవాళ్ల ఇళ్లకు తలా ఒక కాపీ పంపింది. ఆ తర్వాత జరిగింది అక్కే నాకు చెప్పింది. ఆమె పనిలో ఉండగా వాళ్లమ్మ కాపీ అందుకుని నేరుగా ఎదురింటికి వెళ్లిందట. "నలభై ఒకటి చదివించు వదినా. ఆ తర్వాత నీ ఇష్టం" అందట. ఎదురింటి కోడలు ముగింపు చూసింది. ప్రమాద కారణానికి అక్కడా 41వ నోటే చూడమని ఉంది. చివరి పేజీలు తిప్పి పైకి చదివింది.

"గేటు కాపలాదారు వాంగ్మూలం. ఆ ఉదయం బాయిలర్ మనిషి కుర్చీలో కునుకు తీస్తుండగా చూశాను."

"సరిగ్గా చూడమ్మా, నలభై ఒకటి."

కోడలు మళ్లీ అదే చదివింది.

సాయంత్రం అక్క ఇల్లు చేరేసరికి తల్లి పుస్తకం ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఇది టైపు చేసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"వాడు నీ తమ్ముడని తెలిసే చేశావా?"