డాక్టర్ అక్కరలేని పుల్ల

తిరుత్తణి పక్కన మా ఆస్పత్రి టీబీ గదిలో డాక్టర్‌కని ఒక కుర్చీ ఉండింది. కూర్చునేదానికి డాక్టరే లేడు. బోర్డు మీద పేరుండాల్సిన చోట 'పొరుప్పు' అని అరవంలో రాసి ఉండేది, ఇన్‌చార్జి అని అర్థం. ఆ ఇన్‌చార్జి మూడు ఊళ్ళకు ఒక్కడే. గురువారం పూట వచ్చేవాడు, కాగితాల మీద సంతకాలు పెట్టేవాడు, రోగి దగ్గితే కుర్చీ వెనక్కి జరుపుకొనేవాడు, పదకొండుకంతా వెళ్ళిపోయేవాడు. నేను ఆ గదికి హెల్త్ విజిటర్‌ని. ఇండ్లకు పోయి మాత్రలు సరిగ్గా మింగుతుండారా అని చూసేది, కఫం డబ్బాలు తెచ్చేది నా పని. జబ్బు గురించి ఎవరేం అడిగినా బదులు చెప్పేదీ నేనే. అది నా పని కాదు. కానీ చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

అంతకు ముందు ఒక డాక్టర్ ఉండినాడు. ఊపిరితిత్తుల చదువు చదివినవాడు, మా సరిహద్దు పల్లెల మనిషే. రోగులతో తెలుగులోనే మాట్లాడేవాడు, ఓపిగ్గా చూసేవాడు. ఎనిమిది నెలలు ఉండి మద్రాసులో ఒక కంపెనీలో చేరిపోయినాడు. పోయే రోజు నాతో, "ఇక్కడ ఎదుగుదల లేదు సిస్టర్" అన్నాడు. మేమందరం అక్కడ తెగ ఎదిగిపోతున్నట్టు.

ఆయన పోయిన రెండో ఏడు, అత్తిమంజేరిపేట నుంచి ఒక రైతు వచ్చినాడు. నలభై ఏండ్లుంటాయి. కఫంలో టీబీ తేలింది, మాత్రలు మొదలుపెట్టినాము. మూడో వారం వాళ్ళింటికి పోయినప్పుడు మనిషి చెనక్కాయల మూటకు ఆనుకొని కూర్చోనుండాడు. అన్నం చూస్తే వాంతి వస్తోందని వాళ్ళావిడ చెప్పింది.

"మూత్రం ఎట్లుంది?" అని అడిగినాను.

"ఎర్రగుందక్కా. మాత్రలకి ఎర్రగా వస్తాది, బయపడొద్దని నువ్వే చెప్పినావు గదా" అన్నాడు.

నేను చెప్పింది నిజమే. అందరికీ అదే చెప్తాము. కానీ కామెర్లకీ మూత్రం రంగు మారుతాది. ఎండలోకి రమ్మని కనురెప్ప కిందికి లాగి చూసినాను. తెల్లగుడ్డు పసుపు పూసినట్టుంది. ఆ మాత్రల్లో కొన్ని కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అప్పుడు వెంటనే ఆపాల, రక్త పరీక్ష చేయించాల. మళ్ళీ ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలనేది డాక్టర్ చెప్పాల. ఇన్‌చార్జికి ఫోన్ చేసినాను.

"రేపు తిరువళ్ళూరులో మీటింగ్ ఉంది, నేను ఆ ఏర్పాట్లలో ఉన్నాను. నువ్వూ రావాల. బాగైన పేషెంట్ ఒకర్ని తోడుకొని రా" అన్నాడు.

"ఈయనకి కండ్లు పచ్చబడినాయి సార్."

"గురువారం చూద్దాము" అని పెట్టేసినాడు.

ఈ పూట నుంచి మాత్రలు ముట్టొద్దని నేనే చెప్పేసినాను. జిల్లాలో ఉండే టీబీ డాక్టర్లంతా రేపు ఒకే చోట ఉంటారు గదా, ఒక్కడైనా చూడకపోతాడా అనుకున్నాను. పొద్దున తిరుత్తణిలో ఆ రైతుని లోకల్ రైలెక్కించుకొని తిరువళ్ళూరు పోయినాను. నా వయసుకి అంత అమాయకత్వం సిగ్గుచేటు.

మీటింగ్ ఒక కల్యాణ మండపంలో. గడపకి అరటి బోదెలు కట్టినారు. దగ్గు జబ్బు మీటింగులో తలుపులన్నీ మూసి ఏసీ వేసినారు. మాట్లాడేదానికి వచ్చిన పెద్ద మనిషి ఎవరంటే, మా పాత డాక్టరే. కోటు వేసుకోనుండాడు. తెలుగు, అరవం రెండూ మరిచిపోయినట్టు గంటసేపు ఇంగ్లీషులోనే మాట్లాడినాడు.

విషయం ఇది. ఆపరేషన్లలో ఒంట్లోనే కరిగిపోయే కుట్టు దారం వాడతారు గదా. అదే జాతి ప్లాస్టిక్‌లో టీబీ మందు కలిపి అగ్గిపుల్లంత కడ్డీ చేస్తారు. దాన్ని చేతి తోలు కింద పెడితే నెలల తరబడి కొంచెం కొంచెంగా మందు వదులుతాది. పని అయినాక ఆ కడ్డీ కూడా కరిగి ఒంట్లో నుంచి వెళ్ళిపోతాది. ఇప్పటికి ఎలుకల్లో చూసినారంట. ఆ వస్తువు మీద నాకు కోపం లేదు. రోజూ పిడికెడు మాత్రలు మింగలేక ఏడ్చేవాళ్ళని నేను చూసినాను. కడ్డీని చిన్న సీసాలో పెట్టి అందరికీ చూపించినారు. చేతులు మారి మా రైతు దాకా వచ్చింది. ఆయన వెలుతురుకి పట్టుకొని చూసి, భద్రంగా పక్కాయనకిచ్చినాడు.

చివర్లో మా పాత డాక్టర్ అన్నాడు, ఇది వస్తే రోగి డాక్టర్ చుట్టూ తిరిగే పనే ఉండదు, పల్లెల్లో డాక్టర్ల కొరత అనే మాటే ఉండదు అని. అందరూ చప్పట్లు కొట్టినారు. ఎందుకు కొట్టరు? ఇన్నేండ్లుగా ఖాళీగా ఉన్న కుర్చీలు ఇంక నింపే పని లేదని అంత చదువుకున్నవాడు చెప్పినాడు గదా. ఎలుకలు తప్ప ఇంకెవరూ వాడని పుల్లని చూపించి, ఆ కుర్చీల్లో మనుషుల్ని వేసే పని తప్పించుకున్నారు. నేనూ కొట్టినాను. చేతులు వాటంతటవే లేచినాయి. దానికి నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకోలేను.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచినాను.

"సార్, ఈయన కండ్లు చూడండి. మూడు వారాలకే పచ్చబడినాయి. మాత్రలు గనక ఆపగలిగినాము. మీ పుల్ల తోలు కింద ఉంటే ఎవరు తీస్తారు?"

"కరిగిపోయే లోపల తీయొచ్చు. శిక్షణ ఉన్న డాక్టర్ తీస్తాడు."

"ఆ డాక్టర్ యాడుండాడు సార్?"

కొందరు నవ్వినారు. ఆయనా నవ్వి, అది సర్కారు చూసుకోవాల్సిన విషయం, సైన్సుకి సంబంధం లేదన్నాడు. వెంటనే టీకి పిలిచినారు.

టీ దగ్గర ఆయనే నా పక్కకొచ్చినాడు. అప్పుడు తెలుగు గుర్తొచ్చింది. "అందరి ముందర అట్ల అడగొచ్చునా సిస్టర్?"

"ముందు ఈయన్ని చూడండి సార్."

ఒక పక్క నుంచి చూసినాడు. చేతిలో బిస్కెట్టు కూడా కింద పెట్టలేదు. "లివర్ టెస్ట్ చేయించండి. నేనిప్పుడు ప్రాక్టీస్ చేయడం లేదు. మీ ఇన్‌చార్జికి చూపించండి."

ఇన్‌చార్జి గ్రూప్ ఫోటోకి కుర్చీలు సర్దిస్తుండాడు. మేము దగ్గరికి పోతే, "పేషెంట్ వచ్చినాడా, మంచిది" అని మా రైతుని ముందు వరుసలో నిలబెట్టి, ఆ సీసా చేతికిచ్చినాడు. చుట్టూ ఇరవై మంది డాక్టర్లు. పచ్చటి కండ్లతో నిలబడిన మనిషిని ఒక్కడూ తిరిగి చూడలేదు. ఫోటో తీసినారు.

ఆయన్ని ఆటోలో ఎక్కించి నేరుగా పెద్దాస్పత్రికి తోడుకొని పోయినాను. డ్యూటీ డాక్టర్‌గా ఒక అరవం పిల్ల ఉండింది, చదువు ముగించి ఏడాది అయ్యుంటాది. ముందు రోజు పొద్దున నుంచి ఇంటికి పోలేదంట. టీబీ చదువు ఆ పిల్లది కాదు. అయినా పడుకోబెట్టి కడుపు నొక్కి చూసింది, మాత్రల అట్టలన్నీ చదివింది, వాళ్ళ ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి ఏం చేయాలో అడిగి రాసుకునింది. "నువ్వు ఆపింది మంచి పని అక్కా. ఇంకో వారం మింగింటే కష్టం" అని నాతో అన్నింది. వార్డులో చేర్చినారు. పచ్చదనం తగ్గినాక ఒక్కొక్క మందే మళ్ళీ మొదలుపెట్టినారు.

డిశ్చార్జి రోజు ఆ పిల్లని అడిగినాను, "మా పక్కకి రావమ్మా, టీబీ డాక్టర్‌గా?"

"లేదక్కా, చర్మం చదవాలనుకుంటుండాను" అని తల వంచుకునింది. ఆ పిల్లని తిట్టుకోవడం నా వల్ల కాలేదు.

నాకు మెమో వచ్చింది. డాక్టర్ రాతపూర్వక ఆదేశం లేకుండా మందులు ఎందుకు ఆపినావని. 'డాక్టర్ లేనందువల్ల' అని రెండు మాటలు రాసి పంపించినాను. దాని మీద మళ్ళీ ఏ కాగితమూ రాలేదు. ఫోటో మాత్రం ఆ మీటింగ్ పెట్టినవాళ్ళ పత్రికలో పడింది. కింద 'కోలుకున్న రోగితో నిపుణులు' అని ఉండింది. ఆ పత్రిక వచ్చేటప్పటికి మా రైతు ఇంకా వార్డులోనే ఉండాడు.

మందుల కోర్సు ముగిసేదానికి అందరికంటే రెండు నెలలు ఎక్కువ పట్టింది. చివరి కఫం పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. కాగితం తీసుకొని అత్తిమంజేరిపేటకి నేనే పోయినాను. ఆయన కయ్యలో నీళ్ళు కడుతుండాడు. వాళ్ళావిడ కాగితం రెండు పక్కలా తిప్పి చూసి, "డాక్టరమ్మకి కూడా చెప్పక్కా" అన్నింది.

అక్కడి నుంచే ఫోన్ చేసినాను. ఆ పిల్లకి మొదట గుర్తు రాలేదు. ఎవరు, ఏ వార్డు అని రెండు సార్లు అడిగింది. గుర్తొచ్చినాక ఒక్క మాటే అడిగింది, కండ్లు తెల్లగుండాయా అని. ఉండాయని చెప్పినాను.