బీరువా వెనక గోడ

ఫోటో బాబాయ్ అంటే ఆ బ్లాకుల్లో తెలియనివాళ్లు లేరు. దేశాలు దాటి బతకడానికొచ్చిన వాళ్లకి ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చిన ఐదంతస్తుల బ్లాకులవి. ఆయనా అలా వచ్చినవాడే. కింద చిన్న స్టూడియో పెట్టుకుని కార్డులకీ కాగితాలకీ ఫోటోలు తీసేవాడు. కొక్కేనికి ఒకే ఒక్క కోటు. ఎవరొచ్చినా అదే తొడిగి, తల దువ్వి, "గడ్డం ఎత్తు, దొరబాబులా కూర్చో" అనేవాడు. నలిగిన చొక్కాతో చచ్చినా తీసేవాడు కాదు. అలాంటి మనిషి బుద్ధి గడ్డి తింది.

పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ఇక్కడి కుర్రకారు అసలు బతుకు ఫోటోలు కావాలి, ప్రదర్శన పెడతాం అన్నాడు. బాబాయ్ ఉబ్బితబ్బిబ్బయిపోయి, ఆర్నెల్లు మెట్లన్నీ ఎక్కీ దిగీ తీశాడు.

మూడో అంతస్తులో నర్సు చదువుతున్న పిల్ల ఉంది. అందరూ డాక్టరమ్మా అని ఏడిపిస్తారు. వాళ్లమ్మ ఆఫీసులు ఊడ్చే పనికెళ్లిన వేళ బాబాయ్ వెళ్లాడు. పిల్ల ఇస్త్రీ బట్టలు కట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. ఎంత చక్కగా ఉందనీ! ఈయన కంటికి మాత్రం ఆనలేదు.

"స్టూడియో ఫోటోలా ఉందమ్మా. ఆ బీరువా వెనకేముంది?"

"వద్దు బాబాయ్. గోడంతా చెమ్మ, నల్లగా బూజు పట్టింది. కనపడకూడదనే అమ్మ అక్కడ పెట్టించింది."

"ఒక్క నిమిషం. మళ్లీ ఎలా ఉన్నది అలా పెట్టేద్దాం."

పెట్టేశారు కూడా.

ప్రదర్శనలో ఆ గోడ నిలువెత్తున వేలాడింది, ముందు పిల్ల. కూతురి ఫోటో అని తల్లి సంబరంగా తోటి పనివాళ్లని వెంటేసుకొచ్చింది. చూసి ఆగిపోయింది. తోటివాళ్లు చూపులు తిప్పుకున్నారు.

"బీరువా ఎవరు జరిపారే?" అంది మెల్లగా.

బాబాయ్ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. పక్కన పెద్దమనిషి, పత్రికలవాళ్లు. పిల్ల ఆయన వైపే చూసింది. ఆయన కెమెరా బెల్టు సర్దుకుంటూ నిలబడ్డాడు. ఛీ, ఏం మనిషి!

"నేనేనమ్మా," అంది పిల్ల.

ఇక బ్లాకుల్లో నోళ్లకి పని దొరికింది. పేపర్లో పడాలని ఇంటి గుట్టు రచ్చకెక్కించిందట, చదువుకున్న పిల్ల కదా మరి! పిల్ల తలొంచుకుని స్టూడియో ముందు నుంచే కాలేజీకి పోయేది. బాబాయ్‌కి ముద్ద దిగలేదు. ఆ ఫోటో తీసెయ్యమని పట్టుబట్టి, పెద్దమనిషి చేత చీవాట్లు తిని మరీ దించేయించాడు. దించాడు గానీ నిజం మాత్రం నోట్లోనే ఉంది. మూడో అంతస్తు దాకా ఎక్కి రెండుసార్లు వెనక్కొచ్చేశాడు.

మూడోసారి తలుపు కొట్టాడు. పిల్ల తీసి, "రా బాబాయ్" అనకుండా లోపలికెళ్లిపోయింది. తల్లి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"బీరువా జరిపించింది నేనేనమ్మా. పిల్ల వద్దంటూనే ఉంది. ఆ రోజు అందరి ముందూ నోరు పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. దాన్నేమీ అనకు."

"దాన్నెందుకంటానన్నయ్యా?" అందామె. "అది ఇనప బీరువా. ఇద్దరు తోస్తే గానీ కదలదు. నాకు ఆ హాల్లోనే తెలుసు. నువ్వు చెప్తావేమోనని పదకొండు రోజులు చూశాను."