తుర్గునోయ్ అక్క రాయించిన షరతు

నలభై ఏళ్లుగా పట్టుపురుగులు పెంచుతున్న మనిషిని పట్టుకుని "శుభ్రత పాటించలేదు" అని కాగితం మీద రాశారు. ఆ కాగితం మీద ఆమె చేతే సంతకం చేయించుకున్నారు. మా వీధి తుర్గునోయ్ అక్క సంతకం పెట్టింది. పైగా పట్టు ఆఫీసు నుంచి వచ్చిన ముగ్గురు అధికారులకీ టీ పోసి పంపింది.

పట్టుకి పేరుపడ్డ మర్గిలాన్ పట్నం దగ్గర మా ఊళ్లో ఏప్రిల్ వస్తే ఇంట్లో పెద్ద గది పురుగులది, వసారా మనుషులది. ఘాటు వాసన పురుగులకి పడదని, ఉల్లిపాయ ముట్టుకున్న చేత్తో అక్క ఆ గది తలుపు కూడా తాకదు. ఆ ఏడు కుబుసం విడిచే నాలుగో నిద్ర, అంటే ఆఖరిది, లేచిన పురుగులు గూడు కట్టడానికి వారం కూడా లేదు. ఒక వేకువన గోధుమ పొలం గట్టు మీది మల్బరీ కొమ్మలు కొట్టి తెచ్చి వేసింది. మధ్యాహ్నానికి ఆకు నమిలే చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే పురుగులన్నీ తలలు వెనక్కి వాల్చి పచ్చటి రసం కక్కుతున్నాయి. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. ఆ తర్వాతే అధికారులు ఆ కాగితం పట్టుకుని వచ్చారు.

అక్క వేసవంతా తనలో తనే వెతుక్కుంది. చేయి సరిగ్గా కడుక్కోలేదా? పొయ్యి పొగ గదిలోకి వెళ్లిందా? అధికారులు రాసింది నిజమేనేమో అనుకుంది.

మా వీధి ఆడవాళ్లు నెలకోసారి ఒకరింట్లో కలుస్తారు. అక్టోబరులో వంతు అక్కది. చాయ్‌ఖానా నడిపే ఆయన భార్య జెబినిసో పాత కాగితాల్లో చుట్టి వేడివేడి సమోసాలు తెచ్చింది.

"ఏంటే ఇది, సమోసా మీద అక్షరాలు దిగాయి?" అంది ఒకామె.

"తిను, కాస్త చదువొస్తుంది," అంది జెబినిసో.

అందరూ నవ్వారు. అక్క మాత్రం కళ్లజోడు పెట్టుకుని నూనె మరకల కాగితం విప్పి చదివింది. "రేపు సాయంత్రం గోధుమ పొలాలకు పురుగుమందు పిచికారీ చేయబడును. మూడు రోజుల వరకు గట్లపై ఆకు, గడ్డి కోయరాదు." కింద తేదీ ఉంది. పురుగులు చచ్చిన రోజుకి రెండు రోజుల ముందుది.

"ఇది ఎక్కడిదే?"

"మా చాయ్‌ఖానా గోడ మీదిది. వారం ఉంచి పీకేశాడు మా ఆయన."

"నువ్వు చూళ్లేదా?"

"నేనా? పెరటి గుమ్మంలో రొట్టెలిచ్చి వచ్చేస్తాను. మగాళ్లు కూర్చునే చోట నాకేం పనక్కా?"

"మా ఆయన చదివే ఉంటాడు," అంది మొదటామె. "ఆ రోజు ఇంటికొచ్చి గోధుమ ధర చెప్పాడు, ఎవరి ఆవు ఈనిందో చెప్పాడు. ఇది మాత్రం చెప్పలేదు సచ్చినోడు."

ఆ గోధుమ భూమి ఓదిల్‌జోన్ అనే రైతుది. మందు కొట్టే కంపెనీకీ అతనికీ ఒప్పందం ఉంది. ముందురోజు "బహిరంగ స్థలంలో" ప్రకటన అతికించాలని అందులో షరతు. వాళ్లు అతికించారు. చట్టప్రకారం అంతా సవ్యమే. ఆ గోడ ముందు కూర్చునేవాళ్లు ఆకు కోయరు. ఆకు కోసేవాళ్లు ఆ గోడ ముందుకు పోరు. ఆ షరతు రాసిన బల్ల దగ్గర ఒక్క ఆడమనిషి కూడా లేదని వేరే చెప్పాలా?

మళ్లీ వసంతం వచ్చింది. ఇంటింటికీ పురుగులు పంచి, గూళ్లు సేకరించి పట్టు ఆఫీసుకి ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఓదిల్‌జోన్‌దే. కారు వెనక సీట్లో అప్పుడే పొదిగిన పురుగుల తట్టలు పెట్టుకుని అక్క గేటు ముందు హారన్ కొట్టాడు.

"అక్కా, తొందరగా తీసుకో. ఆకలి మీదున్నాయి."

"నాకొద్దు తమ్ముడూ."

"వద్దేంటి? పురుగులు చచ్చిపోతాయి!"

"చాయ్‌ఖానాకి తీసుకెళ్లు. మాకు చెప్పాల్సిన కబుర్లన్నీ అక్కడేగా చెప్తారు. పురుగుల్ని కూడా అక్కడే పెంచండి."

అతను పక్కింటికి వెళ్లాడు. అక్కడా అదే జవాబు. పురుగులు పెంచే పదకొండు ఇళ్లూ తిరిగి చెమటలు తుడుచుకుంటూ మళ్లీ అక్క గేటు దగ్గరికే వచ్చాడు.

"ఆ ఒప్పందం కంపెనీకీ నాకూ మధ్యది అక్కా. నీకేం సంబంధం?"

"మీ ఇద్దరి మధ్యా పడి చచ్చింది నా పురుగులు కదా. ఇదిగో పెన్ను, రాయి. పురుగులున్న ప్రతి ఇంటి గడపకీ వచ్చి ముందురోజే నోటితో చెప్పాలి. గూళ్లు దింపేదాకా మల్బరీ వరస నుంచి ముప్పై అడుగుల లోపల మందు కొట్టకూడదు. కొట్టి ఆకు పాడైతే తప్పు మాది కాదని కూడా రాయి."

"వాళ్లు ఒప్పుకోవాలిగా?"

"ఫోన్ ఉందిగా. నేను ఎక్కడికీ పోను. నీ పురుగులే ఆగలేవు."

ఆ మాట అంటూనే ఆమె కళ్లు తట్టల వైపు పోతున్నాయి. మరో గంట ఆగితే తనే ఓడిపోయేదాన్నని తర్వాత నాతో చెప్పి నవ్వింది. ఓదిల్‌జోన్‌కి ఆ సంగతి తెలీదు. కారు బానెట్ మీద కాగితం పెట్టి, కంపెనీవాళ్లతో ఫోన్లో అరిచి, మూడు వాక్యాలూ రాసి ముద్ర కొట్టాడు. మర్నాడు కంపెనీ ముద్ర కూడా పడింది. ఆ పూట అతను మొదటి తట్ట దించేసరికే అక్క దగ్గర లేత ఆకు సన్నగా తరిగి సిద్ధంగా ఉంది.

మే మొదట్లో ట్రాక్టరు నడిపే ఇల్హోమ్ ఇల్లిల్లూ తిరిగాడు. "పెద్దమ్మా, రేపు మందు కొడుతున్నాం. మూడు రోజులకి ఆకు ఇవాళే కోసుకో," అన్నాడు. ప్రతి గడప దగ్గరా టీ తాగక తప్పలేదు.

"మందు కొట్టడం తేలికే పెద్దమ్మా, ఈ పదకొండు గిన్నెల టీయే నా వల్ల కావట్లేదు."

"తాగు. గోడకి ఇచ్చామా ఎప్పుడైనా టీ?" అంది అక్క.

ఆడవాళ్లు ఆ పూటే కొమ్మలు కొట్టుకొచ్చి తడిగుడ్డలు కప్పి ఉంచారు. ఆ ఏడు పదకొండు ఇళ్లలోనూ గూళ్లు తెల్లగా దిగాయి. అక్క గురించి ఆఫీసులో రాసిన కాగితాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ దిద్దలేదు. అడిగితే, "పోనీవే, దాన్ని తినే పురుగు వస్తుందిలే," అంటుంది. నేను మాత్రం పోనివ్వను. అర్జీ పెట్టాను, మళ్లీ పెడతాను.

మీ పొలం పక్కనో, మీరు పని చేసే చోటో, పిల్లల బడి ఆవరణలోనో కూడా ఎవరో మందు కొడుతూనే ఉంటారు. దానికీ ఒక ఒప్పందం ఉంటుంది. వచ్చే విడత మందు కొట్టకముందే వెళ్లి ఆ కాగితం చూపించమనండి. ఎవరికి చెబుతారో, ఎక్కడ చెబుతారో, ఎన్ని రోజులు దూరంగా ఉండాలో చదవండి. అక్కడ కలుపు తీసేవాళ్లకీ, గడ్డి కోసేవాళ్లకీ, ఊడ్చేవాళ్లకీ ఆ మాట చేరే దారి అందులో లేకపోతే, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి రాయించండి.