పెరిగినట్టు కనిపించిన డివిడెండ్

మత్తిగిరిలో ఒక్కడినే ఉంటున్నాను. నేను పనిచేసిన ఫ్యాక్టరీ షేర్లు కొన్ని ఉన్నాయి. ఈమధ్య ఫోన్‌లో వాటి డివిడెండ్ ఈల్డ్ రెట్టింపుగా కనిపించింది. పట్టుగూళ్లు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఈల్డ్ అంటే దిగుబడే కదా, అది పెరిగిందంటే ఎక్కువ వచ్చిందనే అనుకున్నాను. ఆదివారం కెలమంగలం నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే గొప్పగా చెప్పాను.

“పోయినేడు కన్నా ఎక్కువ ఇచ్చినారా అన్నా?”

పాత డివిడెండ్ల లెక్కలు తీసి చూశాను. ఏళ్లుగా షేరుకు ఇచ్చేది అంతే. షేరు ధరే సగానికి పడిపోయింది. ఈల్డ్ అంటే ఆ ధరలో డివిడెండ్ ఎంత శాతమన్నదే; పడిపోయిన ధర పక్కన అదే డివిడెండ్ పెద్దదిగా కనిపిస్తోంది.

“లేదమ్మా, అంతే.”

“సరే అన్నా, పురుగులకు ఆకు వేయల్ల,” అని పెట్టేసింది.

ఆమె ఎప్పుడూ ఆదివారమే చేస్తుంది, ఆ నాలుగు మాటలే మాట్లాడుతుంది. నా భార్య బతికున్నప్పుడు ఆ ఫోన్ ఎత్తడానికే విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు శనివారం నుంచే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటున్నాను.