అంతా క్షేమమన్న క్యాసెట్టు

ఆ రోజుల్లో మేడ్చల్‌లో ఫోను బస్సు డిపో ఎదుట అద్దాల గదిలో ఉండేది, మనుషులు బయట వరసలో ఉండేవారు. లోపలికి వెళ్ళినవాడు ఎర్రంకెలు గిర్రున తిరిగే మీటరు వంక చూస్తూ "బాగున్నవా, బాగున్న, పెట్టేస్తున్న" అని మూడు ముక్కల్లో ప్రేమంతా తేల్చేసి, చెమటలు కక్కుతూ బయటపడేవాడు. అందుకని గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళలో అసలు మాటలన్నీ క్యాసెట్ల మీదే నడిచేవి. ఒకవైపు తల్లి, రెండోవైపు భార్య మాట్లాడి, అటు వెళ్ళే మనిషి సంచిలో మామిడికాయ తొక్కు డబ్బా పక్కన పెట్టి పంపేవారు. (మాట్లాడి అంటున్నాను గానీ, ఏడ్చి అనాలి. నేను విన్నంతలో అరవై నిమిషాల క్యాసెట్టులో యాభై నిమిషాలు ముక్కు చీదడమే.) వెళ్ళినవాడు కువైట్‌లో ఉన్నా ఖతర్‌లో ఉన్నా మా చుట్టుపక్కల ఊళ్ళకు అది దుబాయే.

అలా వెళ్ళబోయేవాళ్ళకూ, వెళ్ళి అక్కడ ఇమడలేక దిగులు పడేవాళ్ళకూ ధైర్యం చెప్పడానికి మేడ్చల్‌లో ఒకావిడ ఉండేది. మస్కట్‌లో పదిహేనేళ్ళు నర్సుగా చేసి వచ్చింది కనక అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. స్టేషన్ రోడ్డులో ఒక గది, రెండు బెంచీలు, గుమ్మం మీద 'కౌన్సెలింగ్' అని బోర్డు. (మొదటి వారం ఎంసెట్ ర్యాంకు కార్డులు పట్టుకుని ఐదుగురు తండ్రులు వచ్చారట. వాళ్ళ దిగులు కూడా ఓపిగ్గా విని, మంచినీళ్ళిచ్చి పంపిందట.) వెళ్ళబోయే మగవాళ్ళ చేత ఆవిడ గది వెనక కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వండించేది, చొక్కా గుండీలు కుట్టించేది, 'కడుపు నొప్పిగా ఉంది' అన్న మాట అరబ్బీలో పదిసార్లు పలికించేది. ఏడుపొస్తే పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళి, తృప్తిగా ఏడ్చి, ముఖం కడుక్కుని రావాలి. అది రూలు. మీసాలు మెలేసిన మొనగాళ్ళు ముఖాలు తుడుచుకుంటూ పంపు దగ్గర్నించి బుద్ధిగా వచ్చి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

డిగ్రీ అయి ఉద్యోగం రాని నన్ను ఆవిడ చేర్చుకున్నది నా తెలివి చూసి కాదు, మా నాన్నగారి టూ-ఇన్-వన్ టేపురికార్డరు చూసి. మాది కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి కొత్త కాలనీలో స్థిరపడిన కుటుంబం. ఎక్కడ ఎవరు గుండెలు బాదుకుంటున్నా పక్కన నిలబడి ఒక జోకు వేయడం నాకు రోగం. "నీ నోరు మస్తు నడుస్తది బిడ్డా, చెవులే జర నడవాలె" అంది సిస్టరమ్మ మొదటి రోజే. మెచ్చుకోలనుకుని నెల రోజులు అందరికీ చెప్పుకు తిరిగాను.

ఆ నెలలోనే గౌడవెల్లి వదిన వచ్చింది. (వరసకేం కాదు. ఆ ఊళ్ళో నాకంటే పెద్దవాళ్ళంతా అన్నలూ వదినలే.) భర్త కువైట్‌లో భవనాల పనికి వెళ్ళి మూడు నెలలైంది. "ఆయనకు ఆడ మనసున పడతలేదంట సారూ. ఒక మంచి క్యాసెట్టు చేసి పంపాలె" అంది. సిస్టరమ్మ ఆ రోజు షామీర్‌పేట వెళ్ళింది. సారూ అన్న పిలుపు చెవిన పడ్డాక నేనింక ఆగుతానా! గదిలో ఏడుపు ఉండకూడదన్న రూలొక్కటే గుర్తుంది. వదిన ఏదో పొలం సంగతి చెప్పబోతే "అవన్నీ ఎందుకు వదినా, మనిషి బెంగ పడతాడు" అని నోరు మూయించి, చిన్నప్పటి నుంచి విన్న రేడియో నాటకాలన్నీ కలిపి ఒక కాగితం మీద దింపాను. "ప్రియమైన శ్రీవారికి, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు లేకపోయినా ఏ పనీ ఆగలేదు. పొలమూ పాడీ చక్కగా సాగుతున్నాయి. మీరు మా గురించి ఏ చింతా పెట్టుకోకండి." వదిన దాన్ని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. వెనక నేను ఈల మీద సంతోషకరమైన రాగం ఒకటి అందించాను.

నెల తిరిగేసరికి జవాబు క్యాసెట్టు వచ్చింది, తెచ్చిన మనిషితో సహా. సిస్టరమ్మ గదిలోనే ఉంది. నేను గర్వంగా మీట నొక్కాను. "గా సదివినామె ఎవరు?" అన్నాడు గౌడవెల్లి అన్న. "నా పెండ్లానికి ఏమైంది? గామె నన్ను శ్రీవారు అన్నదంటే ఏదో అయింది. ఎన్కనుంచి గా ఈలేసెటోడు ఎవడు?" నేను నవ్వాను. తర్వాతి మాటకు నవ్వు రాలేదు. "నేను లేకున్నా అన్ని మంచిగనే నడుస్తున్నయంట. మంచిదే. ఇగ నేను ఉండి ఏం జేయాలె." ఆ పైన టేపు ఊరికే తిరిగింది.

తెచ్చిన మనిషి గొంతు తగ్గించి చెప్పాడు. "తింటలేడమ్మా. పని కాంగనే గోడ దిక్కు మొఖం పెట్టి పంటడు. పాస్‌పోర్టు కంపెనోళ్ళ కాడున్నా సరే, ఎటన్న నడుసుకుంట పోత అంటుండు."

అలా నడుచుకుంటూ పోయినవాళ్ళు ఎండకు పడిపోయి ఆసుపత్రిలోనో, పట్టుబడి జైల్లోనో తేలడం సిస్టరమ్మ మస్కట్‌లో చూసింది. నన్ను తిట్టలేదు. నేను రాసిన కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివింది. "ఇంట్ల ఆయనకు ఒక్క పని కూడ మిగలనియ్యలే నువ్వు" అంది. అంతే. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడే ఇద్దరం గౌడవెల్లి వెళ్ళాం. వాకిట్లో స్టూలు మీద టూ-ఇన్-వన్ పెట్టాను. అన్న తల్లి, ఊరంతా అవ్వ అని పిలిచే పెద్దావిడ, ఫొటో కూడా తీస్తామేమోనని పట్టుచీర కట్టుకుని వచ్చింది. వదిన కాగితం కోసం నా వైపు చెయ్యి చాచింది.

"కాయితం లేదు" అంది సిస్టరమ్మ. "ఆయన పోయిన కాడికెల్లి ఇంట్ల ఏమేం ఖరాబైందో చెప్పుర్రి."

అవ్వ హడలిపోయింది. "దేశం గాని దేశంల ఉన్నోనికి గవన్ని ఎందుకమ్మా? పరేషానైతడు!"

"కానియ్యి అవ్వా. పరేషానయ్యేటోడు ఇంటోడు. కానోడు సుట్టం."

వదిన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది, "మోటరు నీళ్ళు పోస్తలేదు."

"చెప్పకే!" అంది అవ్వ.

"ఎందుకు చెప్పొద్దు అత్తా? ఓ మనిషీ, ఇంటున్నవా? మోటరు తిరుగుతది, గుర్రుమంటది, సుక్క రాదు. మెకానిక్ వచ్చి మంచిగనే ఉన్నదని పోయిండు. పక్క బాయోళ్ళను బతిమాలుకుంట టమాట తోటకు పారవెడుతున్న, సగం ఎండిపోయింది. నువ్వుంటే ఒక్క నొక్కుకు దునుకుతుండె. ఏం జేస్తుంటివో చెప్పి పోరాదు?"

ఆ ధాటికి అవ్వ క్షేమం కూడా కొట్టుకుపోయింది. "ఒరే, పొయ్యేటప్పుడు నా కండ్లద్దాలు యాడ వెట్టినవ్‌రా? నీ బర్రె నన్ను దగ్గరికి రానిస్తలేదు, దాన్ని ఏమని పిలుస్తుంటివి?" అత్తాకోడళ్ళు టేపు మీద చోటు కోసం పోట్లాడుకున్నారు. ఏడవడానికి ఇద్దరికీ తీరిక చిక్కలేదు. నేను క్యాసెట్టు తిరగేయాల్సి వచ్చింది.

మూడు వారాలకు జవాబొచ్చింది. అదే వాకిట్లో పెట్టి విన్నాం. పలకరింపు లేదు, పాడూ లేదు. "మోటరు గట్ల నడిపితె పోస్తదా? పైపుల ఉత్త నీళ్ళు పోస్తున్నరా ఏంది? అడుగున వాల్వు కారుతది, పెండ వడితెనే సందు మూస్కుంటది. పెండ కలిపిన నీళ్ళు పొయ్యాలె, రెండు బిందెలు! పోసి ఒక బీడి తాగేంత సేపు ఆగాలె, గప్పుడు బటన్ నొక్కాలె. ఇన్ని దినాలు చెప్పకపోతిరి, నన్ను సచ్చిండనుకున్నరా? అవ్వా, నీ అద్దాలు బియ్యం డబ్బల ఉన్నయి." వదిన అప్పటికే లేచింది. వసారాలో బల్బు వెలుగుతోంది, అంటే కరెంటుంది. పేడ గంప చంకనేసుకుని ఆవిడ, బిందెతో అవ్వ బావి వైపు పరుగు తీశారు. కొంచెం సేపటికి అటునుంచి మోటారు మోత వినిపించింది. దాని వెంటే ఒక పెద్ద కేక, నీళ్ళు దబదబా పడుతున్న చప్పుడు.

వాకిట్లో నేనూ సిస్టరమ్మా మిగిలాం. క్యాసెట్టు ఎవరి కోసమో తిరుగుతూనే ఉంది. తిట్లన్నీ అయిపోయాక అన్న గొంతు మెత్తబడింది. "ఇగ నేనైతే మంచిగనే ఉన్న. తింటున్న. కేరళోడు ఒకడు దోస్తయిండు, వానికి పచ్చిపులుసు నేర్పిన. బర్రె ఈనితే దూడ ఆడదో మగదో చెప్పుర్రి. ఏదున్నా చెప్పుర్రి." నేను వాళ్ళను పిలుచుకు రావడానికి గబుక్కున లేచాను. సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండనియ్యి. వాళ్ళు నీళ్ళ కాడ ఉన్నరు. ఆయన గూడ ఆడనే ఉన్నడు."

కువైట్ నుంచి విమానమెక్కి వచ్చిన పెండనీళ్ళ మీద సరిగ్గా ఆ క్షణాన నా నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని మింగేశాను. ఇప్పుడు మా ఇంట్లో వాళ్ళు, నేను కంగారు పడతానని, కుళాయి కారుతున్న సంగతి నా దగ్గర దాచినా సరే, ఇల్లెగిరేలా గొడవ చేస్తున్నాను. వయసు మీద పడుతోందని పిల్లలు గుసగుసలాడుకుంటారు. కావచ్చు. ఆ జోకు మాత్రం ఇంకా గుర్తుంది. నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది.