చేనుకు కట్టకుండా మిగిలిన క్యాసెట్

ఇంటర్నెట్ రాకముందు ఢిల్లీలో టీవీ తెర మీద వార్తలు, వాతావరణం, రైళ్ల వేళలు అక్షరాల పేజీలుగా వచ్చేవి. దాన్ని టెలిటెక్స్ట్ అనేవారు. ఆ పేజీలను ఎవరూ దాచలేదు. కానీ అప్పట్లో టీవీలో వచ్చే ఏ సినిమా రికార్డు చేసుకున్నా, బొమ్మకు పైన కనిపించని గీతల్లో అవీ క్యాసెట్లోకి ఎక్కేవి. వాటిని బయటికి లాగడం నా పిచ్చి. ఢిల్లీలో టీవీలు బాగుచేసి, తనకల్లు దగ్గరి సొంతూరికి తిరిగొచ్చిన నారాయణప్ప ఈ సంగతి విని ఈమధ్య ఫోన్ చేశాడు. "కొత్తగా పెండ్లయి నా పెండ్లాం ఢిల్లీకి వచ్చిన దినం, రైలు మూడు గంటలు లేటని టీవీలో చూసి నిదానంగా పోయినా. అది టైముకే వచ్చేసె! నలభై ఏండ్లుగా నన్ను అబద్ధాలకోరంటాంది. ఆ దినం రికార్డు చేసిన క్యాసెట్టు ఉండాదప్పా." ఇక ఆగుతానా!

అనంతపురంలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే కదిరికి రెండున్నర గంటలు, నూట ముప్పై రూపాయలు. అక్కడ దోసె తిని ఇంకో బస్సెక్కితే ముప్పావు గంటలో తనకల్లు. ఊరికి ఆటో వంద. నా ఒళ్లో వీసీఆర్ చూసి డ్రైవరు నవ్వాడు. "ఏమన్నా, ఇంగా ఇట్లాటివి ఆడతాండాయా?"

"ఆడించేవాడుంటే ఎందుకాడవు?" అన్నాను.

ఊరి ముందరి వేరుశనగ చేను చుట్టూ నల్లటి రిబ్బన్ గాలికి బుయ్యిమని మోగుతోంది. దగ్గరికెళ్లి చూద్దును కదా, వీడియో టేపు!

ఇంటికెళ్లి అడిగితే, "అడివిపందులకని నిన్న కట్టినా" అంది నారాయణప్ప భార్య ఓబుళమ్మ, ఏ బెరుకూ లేకుండా. "అటక మీద ఊరికే పడుండె. ఈ మోతకు ఒక్క పందీ రాలా, చూడు." పదకొండు క్యాసెట్లు పోయాయి. నారాయణప్ప తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

ఆమె లోపలికెళ్లి ఒక క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ దినంది ఇదే. దీన్ని కూడా కడితే నేను భయపడి కట్టినానంటాడు. చూడు, ఏముంటాదో!"

క్యాసెట్లో పేజీలు చెదిరిపోయి ఉంటాయి. ఒకే పేజీ మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, అన్నిటినీ పోల్చి, వీసీఆర్‌కు తగిలించిన నా ల్యాప్‌టాప్ ఒక్కో అక్షరాన్నీ ఏరుతుంది. రెండు గంటలు పట్టింది. ఈలోగా ఓబుళమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది, కడుపునిండా తిన్నాను. తర్వాత పేజీ తేలింది. తేదీ అదే. రైలు పేరు సగం చెరిగింది గానీ, పక్కన మూడు గంటల ఆలస్యమని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. చదివి వినిపించాను.

"విన్నావా?" అన్నాడు నారాయణప్ప.

ఓబుళమ్మ తెర దగ్గరికొచ్చి చూసింది. "నిజమే చెప్పినాడు" అంది నాతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "అయితే బాస రాని ఊర్లో నేను మూటలు పట్టుకోని ఏడుస్తాంటే, నువ్వు అంగట్లో సినిమా రికార్డు చేస్తాంటివా? ముందే వచ్చి ఆడ కూసోనుంటే నీ సొమ్మేం పోయె?"

నారాయణప్ప లేచి క్యాసెట్‌ను మొదటికి తిప్పాడు.

రుజువు దొరికితే తగాదా తీరుతుందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! పోయిన పదకొండూ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా, ఇన్నేళ్లకు ఒక మనిషి మాట నిలబెట్టాను, అది చాలు. నేను బయల్దేరేసరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ సినిమా చూస్తున్నారు. వీసీఆర్ అక్కడే వదిలి వచ్చేశాను.

మీరూ ఇలాంటి వేటకు వెళ్తుంటే ఒక్క మాట. ముందే ఫోన్ చేసి, మీరొచ్చేదాకా క్యాసెట్లు చేనుకు కట్టొద్దని చెప్పండి. ఇంటాయనకు కాదు, ఇంటావిడకు.