నడిమి గీత

మా చిన్నమ్మ సరోజనకు కాగితం మధ్యన ఏదైనా రాసి కనిపిస్తే ఒళ్లు మండేది, అది పెళ్లిపత్రికైనా సరే. ఎందుకో చెప్తాను. చెప్తుంటే నాకూ మండుతుంది.

ఎనభైల మొదట్లో ఆమె కాశిబుగ్గలో ఒక చేనేత సంఘానికి టైపిస్టు, అదీ టెంపరరీగా. ఏటా సర్వసభ్య సమావేశానికి పెద్ద స్టేట్‌మెంటు కొట్టాలి. ఎవరి మగ్గం మీద ఎన్ని జంపఖానాలు దిగాయో, ఎన్ని అమ్ముడయ్యాయో అన్నీ గళ్లుగళ్లుగా. పైన సంఘం పేరు సరిగ్గా మధ్యలో ఉండాలని అధ్యక్షుడు మార్కండేయులు పట్టుదల. ఆయనకేం, చెప్పి పోతాడు. ఈమె పేరులోని అక్షరాలు లెక్కబెట్టుకుని, కాగితం నడుమ నుంచి అందులో సగం వెనక్కి జరిగి అక్కడ మొదలుపెట్టాలి. పైగా తెలుగు మిషన్‌లో వత్తు కొడితే కాగితాన్ని జరిపే బండి కదలదు. వత్తులను లెక్కలోంచి తీసేయడం మరిచిపోతే పేరు ఎడమకు పోయి కూర్చుంటుంది.

ఒక ఏడు సమావేశంలో చిన్నమ్మను పర్మనెంటు చేసే తీర్మానం ఉంది. పై ఆఫీసు నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు సరేనంటే చాలు. అందుకని సంఘం పేరును చిత్తుకాగితాల మీద కొట్టి కొట్టి చూసుకుంది. తర్వాతే స్టెన్సిల్ ఎక్కించింది. అది మైనం పూసిన పల్చటి కాగితం. అక్షరం పడ్డచోట మైనం తెగి, అక్కడి నుంచి సిరా దిగి కాపీలు వస్తాయి.

సమావేశం ముందురోజు సాయంత్రానికి పని అయిపోయింది. స్టెన్సిల్ బల్ల మీద పెట్టి మంచినీళ్లకు లేచింది. అంతలో మార్కండేయులు వచ్చాడు. మగ్గం దగ్గరే పెరిగిన మనిషి. జంపఖానా దిగగానే నిలువునా మడిచి, అంచుకు అంచు కలిపి చూస్తేగాని ఆయనకు నమ్మకం కుదరదు. స్టెన్సిల్‌నూ అట్లాగే మడిచాడు. మడత మీద గోటితో గీటాడు కూడా.

“సక్కగ నడుమకే ఉన్నది బిడ్డా.”

“అయ్యో పెద్దబాపూ, అది మడిచేది కాదు. మైనం పలుగుతది.”

“జర చేత్తోటి సాపు జేస్తే పోతది తియ్యి. ఫికర్ జెయ్యకు.”

పోలేదు. ఇంకో స్టెన్సిల్ లేదు, దుకాణాలు మూసేశారు. మడత మీద చిన్నమ్మ తప్పులు దిద్దే ఎర్రమందు పూసింది. అయినా ప్రతి కాపీ మీదా పైనుంచి కిందిదాకా, సంఘం పేరును రెండుగా కోస్తూ నల్లటి గీత పడింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, ఎవరి పని ఇది అన్నాడు. “మా టైపిస్టు కొట్టింది సార్” అన్నాడు మార్కండేయులు. అబద్ధమేం కాదు. ఇట్లాంటి పనికి పర్మనెంటా, వచ్చే ఏడు చూద్దామన్నాడు ఇన్‌స్పెక్టరు. సభ్యులేమో గీత మీదుగా కాగితాలు మడిచి, పేరు ఎంత బాగా నడుమకు పడిందో ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మార్కండేయులు భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. మడిచింది నేనని ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని చిన్నమ్మ ఎదురుచూసింది. అనలేదు.

మరుసటి ఏడు ఆమె సంఘం పేరును ఎడమ అంచుకు కొట్టింది. మార్కండేయులు కాగితం అందుకుని ఆగిపోయాడు.

“ఇదేంది బిడ్డా, పేరు ఓరకు పెట్టినవ్?”

“నడుమకు పెడితే మీ చెయ్యి ఆగదు పెద్దబాపూ.”

ఆయన కాగితాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. సమావేశంలో ఇన్‌స్పెక్టరు కూడా అదే అడిగితే, ఎవరూ నోరు తెరవకముందే మార్కండేయులు లేచి, “మా సంఘంల అట్లనే పెడ్తం సార్” అన్నాడు. తీర్మానం పాసైంది. చిన్నమ్మకు సంతోషం కాలేదు. ఆమెకు కావలసిన మాట అది కాదు.

ఆ మాట అనకుండానే కొన్నేళ్లకు ఆయన పోయాడు. సంతాప తీర్మానం చిన్నమ్మే కొట్టింది. ఆయన పేరు సరిగ్గా కాగితం మధ్యన ఉంది. ఓరకెందుకు కొట్టలేదని అడిగాను.

“ఇగ మడిచెటోళ్లు లేరు గద” అని మొహం తిప్పుకుంది.